చీపురక్క టమాటా చేను

ఆమెను అందరూ చీపురక్క అనేవారు. మొదట వెక్కిరింతకే పెట్టిన పేరు. అనగా అనగా అందులోని వెటకారం అరిగిపోయి చివరికి ముద్దే మిగిలింది. ఎవరు పిలిచినా పలికేది. కొత్తవాళ్ళు వచ్చి చీపురక్క ఇల్లెక్కడని అడిగితే, "అదిగో, గుమ్మం ముందు గడ్డిపోచ కూడా లేని ఇల్లు, అదే" అని చెయ్యి చాపి చూపించేవారు.

ఇల్లు ఊడ్చుకునేవాళ్ళు లోకంలో బోలెడుమంది. చేను ఊడ్చేది మాత్రం ఆమె ఒక్కతే.

చేను ఇంటికి ఎంతో దూరం కాదు. ఒకవైపు లారీలు తిరిగే రోడ్డు, మూడువైపులా తీగ కంచె, వెనక కంచె దాటితే పల్లం. అందులో ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచీ టమాటాయే. ఏటేటా టమాటా తీసి టమాటా వేసేది. ఆఖరి కోత అయిన మర్నాడే కూలి పిన్నుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి మొక్కల్ని వేళ్ళతో సహా పీకించేది. వేళ్ళకంటిన మట్టి దులిపి, తీగల్ని కట్టలు కట్టి, కంచె మీదుగా వెనక పల్లంలోకి విసిరించేది. ఊతకర్రలు పీకి పక్కన పేర్చేది. తర్వాత దంతె పట్టి రాలిన ఆకూ, ఎండిన కాయా, కలుపూ అన్నీ లాగేది. చిట్టచివర కొబ్బరీనెల చీపురు తీసుకుని, నడుం వంచి, చేను ఈ కొస నుంచి ఆ కొసకి ఊడ్చేది. అంతా అయ్యాక గట్టు మీద నిలబడి చూసుకుంటే చేను అద్దంలా ఉండేది. ఆ పూట ఆమె ముఖంలో కనిపించే తృప్తి, కాయలు పెట్టెలకెక్కిన రోజున కూడా కనిపించేది కాదు.

"అక్కా, ఇక్కడ పడుకోవాలంటే చాప కూడా అక్కర్లేదు" అనేది కూలికొచ్చే పొట్టి పిన్ని.

"నువ్వు పడుకుంటే మళ్ళీ ఊడవాల్సొస్తుంది. లే" అనేది ఈమె.

ఈ అలవాటు పుట్టుకతో వచ్చింది కాదు, అత్తగారి నోటి మాటగా వచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక ఏడు చేనంతా ఎండు తెగులు తగిలింది. పొద్దున నిటారుగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి వేడినీళ్ళు పోసినట్టు వాలిపోయేది. అత్తగారు గట్టు మీద కూర్చుని తల పట్టుకుని, "పీకెయ్యి తల్లీ, అంతా పీకి అవతల పారెయ్యి. ఒక్క ఆకు చేలో మిగిలినా నేనొప్పుకోను" అంది. కొత్త కోడలు ఒక్క ఆకు మిగల్చలేదు. మరుసటి ఏడు పంట బాగా పండింది. అత్తగారు కోడల్ని దగ్గరికి తీసుకుని తల నిమిరి, దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాత తెగులు పోయింది, కొన్నాళ్ళకు ఆ మాటన్న మనిషీ పోయింది. మాట మాత్రం ఈమె చేతుల్లో ఉండిపోయింది. ఇక చాలమ్మా అని చెప్పడానికి ఎవరూ లేరు. పైగా చూసినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళే.

ఆమె భర్త కూరగాయల మార్కెట్లో కాటా దగ్గర తూకం వేసేవాడు. ఊరందరికీ కాటా బావ. మాట తక్కువ, చూపు ఎక్కువ. పెట్టె చేత్తో ఎత్తగానే, కాటా మీద పెట్టకముందే బరువు చెప్పేవాడు. చెప్పినా తన మాట మీద తూకం తేల్చేవాడు కాదు. కాటా పైనే పెట్టి, పెట్టె తెచ్చినవాళ్ళకు ముల్లు కనిపించేలా పక్కకు జరిగి నిలబడేవాడు.

మొదట పసిగట్టింది అతనే. ఒకరోజు మార్కెట్ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ, "నీ కాయ తేలికైంది" అన్నాడు.

"ఎండలు కదా" అంది ఆమె.

మరుసటి ఏడు ఎండలు లేవు. కాయ ఇంకా తేలికైంది. పండినా నిండుగా ఎర్రబడేది కాదు. తొడిమ చుట్టూ పసుపు పట్టీలా గట్టిగా ఉండిపోయేది. కింది ఆకుల అంచులు నిప్పు సోకినట్టు మాడేవి. నీళ్ళు పెడితే ఇంకేవి కావు, సాళ్ళ మధ్య అద్దాల్లా నిలబడేవి. ఎరువుల కొట్టాయన దగ్గరికి వెళ్ళి చెబితే పాపం ఆయన తనకు తెలిసిందే ఇచ్చాడు. ఎప్పుడూ వాడే నల్ల గుళికల ఎరువు బస్తానే ఇంకొకటి ఎక్కువ వెయ్యమన్నాడు. ఆమె ఎత్తలేకపోతుంటే తనే భుజాన వేసుకుని తెచ్చి బండిలో పెట్టాడు. ఆమె వేసింది. ఏటేటా ఇంకాస్త వేస్తూ పోయింది. ఆకు పచ్చబడింది గానీ కాయ బాగుపడలేదు.

కూలి పిన్నులు ఆమెకు వినపడకుండా మాట్లాడుకునేవారు. వాళ్ళకు జాలి. చేను బాగున్నప్పుడు గేటు పక్కన ఒక గంపలో కాయలు పెట్టి ఉంచేది ఆమె. బస్సుకి వెళ్ళేవాళ్ళెవరైనా చేతికందినవి తీసుకుపొమ్మని. ఇప్పుడు ఆ గంప సగమే నిండుతోంది. అయినా పెట్టడం మానలేదు.

చేను అన్నదమ్ములిద్దరిదీ. ఆమె మరిది లారీ మెకానిక్. రోడ్డు మీద అద్దె స్థలంలో రేకుల కింద పనిచేసేవాడు. మంచివాడు. చేలో మోటారు ఆగిపోతే పిలవకుండానే వచ్చి, జిడ్డు చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ, "ఏంటి వదినా, మళ్ళీ అలిగిందా?" అని బాగుచేసి వెళ్ళేవాడు. టీ అయినా తాగి వెళ్ళమంటే, "నీ ఇంట్లో కూర్చుంటే మరక పడుతుంది, నాకు భయం" అనేవాడు. అన్నేళ్ళలో చేలో తన వాటా సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు అద్దె స్థలం యజమాని ఖాళీ చెయ్యమన్నాడు. రోడ్డు పక్కన వేరే చోటు దొరకడం లేదు. మరిది ఒక ఆదివారం భార్యను తీసుకుని అన్నగారింటికి వచ్చాడు. చాలాసేపు అటూ ఇటూ మాట్లాడి, చివరికి నేల చూస్తూ అసలు సంగతి చెప్పాడు.

"వదినా, తప్పుగా అనుకోకు. చేను రోడ్డు పక్కనే ఉంది. పంట చూస్తే నీకూ మిగలడం లేదు, నాకూ మిగలడం లేదు. షెడ్డు వేసుకుంటే ఇద్దరికీ ఏదో దారి అవుతుంది."

కాటా బావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తోడికోడలు మాత్రం, "అక్కా, నువ్వు రోజూ ఎండలో పడి చేస్తున్నావు, ఫలితం ఏది చెప్పు?" అంది. మంచికే అంది. ఈమెకు మాత్రం ముల్లు దిగినట్టయింది.

"ఈ ఒక్క పంట చూడు" అంది ఆమె. "కాయ మునుపటిలా రాకపోతే చేను నీదే. నేనడ్డం చెప్పను."

"మునుపటిలా వస్తే నేను నోరెత్తను" అన్నాడు మరిది. "సరేనా?"

"సరే."

మాట అయిపోయింది. ఆ మాటతో ఆమె నిద్ర కూడా అయిపోయింది.

మార్కెట్లో అప్పుడప్పుడూ మట్టి పరీక్ష ఆఫీసువాళ్ళు బల్ల వేసుకుని కూర్చునేవారు. కాటా బావ అక్కడున్న అమ్మాయిని కనుక్కుని వచ్చి, "మట్టి చూపించు" అన్నాడు.

"మట్టికేం రోగం? ఎంత శుభ్రంగా ఉంచుతాను!"

"అందుకే. శుభ్రంగా ఉన్నదాన్ని చూపించడానికి సిగ్గెందుకు?"

ఆ మాట ఆమెకు నచ్చింది. చేను నడిమధ్య నుంచి మట్టి తవ్వి తెచ్చింది. నీడన గుడ్డ పరిచి ఆరబెట్టింది. వేళ్ళూ, పుల్లలూ, రాళ్ళూ ఏరింది. అయినా తృప్తి కలగక వంటింటి పిండి జల్లెడలో రెండుసార్లు జల్లించింది. కడిగి తుడిచిన గాజు సీసాలో పోసి, మూత బిగించి, పెళ్ళిచూపులకు పిల్లని తీసుకెళ్ళినంత జాగ్రత్తగా బస్సులో ఒడిలో పెట్టుకుని తీసుకెళ్ళింది.

ఆఫీసు చిన్న గది. గోడ పొడుగునా అల్మారాలు, వాటిలో వరసగా డబ్బాలు, మూలన నీళ్ళ తొట్టి. కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి సీసా మూత తీసి, వేళ్ళతో మట్టి తీసి చూసింది.

"అమ్మా, ఇది మట్టా, ముఖానికి రాసుకునే పౌడరా?"

"జల్లించి తెచ్చాను" అంది చీపురక్క గర్వంగా.

"వేళ్ళూ చెత్తా ఏమీ లేవే!"

"చేలోనే ఉండదు. పంటవగానే అన్నీ పీకి బయట పారేస్తాను. తర్వాత ఊడుస్తాను."

అమ్మాయి తల ఎత్తింది. "ఏంటి, చేను ఊడుస్తారా?"

"ఆ. చీపురుతో."

"ప్రతి ఏడూ?"

"ఒక్క ఏడూ మానలేదు తల్లీ. జ్వరంతో కూడా ఊడ్చాను."

అమ్మాయి నవ్వలేదు. సీసాకి మూత పెట్టి, లేచి, ఆమెకు కూర్చోమని కుర్చీ జరిపింది. ఒక గ్లాసు మంచినీళ్ళిచ్చింది. "మీరు శ్రమపడి తెచ్చారు గానీ, ఒక్కచోట తీసిన మట్టితో తేలదమ్మా. నేనే వచ్చి చూస్తాను. నా సెలవురోజున వస్తే మీకు వీలేనా?" అంది.

సెలవు పాడుచేసుకుని ఎవరైనా మన మట్టి కోసం వస్తారా అనుకుంటూ చీపురక్క ఇంటికొచ్చింది. అమ్మాయి నిజంగానే వచ్చింది. బస్సు దిగి, సంచీలోంచి బొరిగె తీసి, చేలో వంకరటింకరగా నడుస్తూ అక్కడక్కడా తవ్వి, బకెట్లో వేసి కలిపింది. చాలాచోట్ల బొరిగె దిగలేదు, పై పెచ్చు మీద టంగుమంది. ఒక పెళ్ళ తీసి నీళ్ళ గిన్నెలో వేస్తే, కాసేపటికి కరిగి బురదై అడుగున కూర్చుంది. చీపురక్క అమ్మాయి ముఖాన్నే చూస్తోంది, పరీక్ష రాసి బయటికొచ్చిన బిడ్డ ముఖం తల్లి చూసినట్టు.

చేతులు కడుక్కోవడానికని అమ్మాయి వెనక కంచె పక్కనున్న కాలువ దగ్గరికి వెళ్ళింది. వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. చూస్తే కంచె పట్టుకుని నిలబడి పల్లంలోకి చూస్తోంది.

"అమ్మా, ఆ టమాటా ఎవరు వేశారు?"

పల్లంలో, ఏళ్ళ తరబడి విసిరిన తీగల కుప్పల మీద, టమాటా మొక్కలు గుంపులు గుంపులుగా మొలిచి ఉన్నాయి. ఊతకర్ర లేదు, నీళ్ళు లేవు, అడిగే దిక్కు లేదు. కాండం మాత్రం బొటనవేలంత లావు. ముదురు ఆకుపచ్చ ఆకుల కింద ఎర్రటి కాయలు.

"అవి ఎవరూ వెయ్యలేదు, చెత్తలో మొలిచినవి" అంది చీపురక్క. "చెడిపోయిన కాయ పారేస్తాం కదా, ఆ గింజలు."

"కాపు బాగుందే!"

వెనక నుంచి పొట్టి పిన్ని గొంతు సవరించుకుంది. "బాగుంటాయమ్మా. మేం ఇంటికెళ్ళేటప్పుడు రోజూ రెండు కోసుకుపోతాం. అక్కకి చెప్పలేదు. చెబితే పల్లం కూడా ఊడ్చేస్తుందని."

"ఓసి నీ తెలివి తెల్లారా!" అంది చీపురక్క. అనేసి తనే నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అమ్మాయి కంచె కింద నుంచి దూరి పల్లంలోకి దిగి, ఒక దోసెడు మట్టి తీసి పైకి తెచ్చింది. నల్లగా, పొడిపొడిగా, తడి వాసనతో ఉంది. వేళ్ళ సందుల్లోంచి ఒక వానపాము మెల్లగా బయటికొచ్చింది.

"ఇదీ మీ చేనేనమ్మా" అంది అమ్మాయి మెత్తగా. "ఇక్కడికొచ్చి కూర్చుంది."

చీపురక్క ఆ దోసిటి వైపు, తన చేను వైపు మార్చి మార్చి చూసింది. ఎవరో తన ఇంటి సామానంతా తన చేతుల మీదుగానే వీధిలో పెట్టించినట్టు అనిపించింది. పెట్టించింది ఎవరంటే, తనే.

పరీక్ష ఫలితం వచ్చిన రోజు అమ్మాయి అంకెలేవీ చదవలేదు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పింది. మీరు వేసిన గుళికల్లోని భాస్వరం మొక్క తీసుకోగా మిగిలి, కుప్ప పడి ఉంది. పొటాష్ అడుగంటిపోయింది. కాయ ఎర్రబడనిది అందుకే. టమాటాకి అదే ఎక్కువ కావాలి. అందులో సగం కాయతో మార్కెట్‌కి వెళుతుంది, తీగలో ఉన్న మిగతా సగాన్ని మీరు కంచె దాటించారు. ఇక కుళ్ళి మట్టిలో కలవాల్సిన చెత్త లేకపోయేసరికి మట్టి గుల్లగా ఉండటం మానేసింది. నీళ్ళు దిగవు, వేరు దిగదు. "కడుపు నిండినవాడికే మళ్ళీ మళ్ళీ వడ్డిస్తూ, ఆకలన్నవాడి వంక చూడలేదు. అంతేనమ్మా జరిగింది."

"మా అత్తగారు చెప్పింది తప్పా?"

ఆ ప్రశ్నలోని బరువు అమ్మాయికి తెలిసింది. "తప్పు కాదు. తెగులు తగిలిన తీగ చేలో ఉంచకూడదు, ఆవిడ సరిగ్గానే చెప్పారు. అయితే ఆవిడ చెప్పింది ఆ ఏడాదికి. బయట వేసింది బాగా మాగాక ఎరువుగా తిరిగి రావాలి. అది రాలేదు."

చీపురక్క ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడేం చెయ్యాలి?"

"ఈ ఏడు, వచ్చే ఏడు టమాటా వద్దు. వంగ, మిరప కూడా వద్దు, అవీ దాని దాయాదులే. ముందు జనుము చల్లి, పూతకొచ్చినప్పుడు కలియదున్నండి, నేలకి బలం వస్తుంది. పల్లంలో ఉన్నదాన్లో అడుగున బాగా మాగి నల్లబడినదాన్ని మళ్ళీ చేలోకి తోలించండి. తర్వాత అలసందో, మొక్కజొన్నో."

ఆమె ఆగి ఆగి అడిగింది. "ఈ ఒక్క పంటా టమాటా వేసి, ఆ తర్వాత నువ్వు చెప్పినట్టు చేస్తే? నారు కూడా సిద్ధంగా ఉంది."

అమ్మాయి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మరిది మాట సంగతి అప్పటికే విని ఉంది. "పొటాష్ వేసి, పైన మందు కొట్టి నిలబెడితే, చూపించుకోడానికి సరిపడా కాయ రావచ్చు. నేను కాదనను. మట్టిలో ఉన్న ఆ కాస్తా కూడా పిండుకున్నట్టవుతుంది. తర్వాత కోలుకోడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. ఆలోచించుకోండి."

ఆమె ఆలోచించుకుంటూనే బస్సెక్కింది. దిగాల్సిన చోట కండక్టరే తట్టి దింపాడు.

ఇంట్లో కాటా బావ అన్నం తింటున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని సంగతంతా చెప్పింది. టమాటా వేస్తే చేను చేతిలో ఉంటుంది, కానీ చేలో ఏమీ ఉండదు. వెయ్యకపోతే చేనే ఉండదు.

"ఏమంటావు?" అంది.

అతను చెయ్యి కడుక్కుని వచ్చాడు. "నేను కాటా మనిషిని. బరువెంతో చెబుతాను గానీ కొనాలో వద్దో చెప్పను."

"ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారైనా సలహా చెప్పావా?"

"మట్టి చూపించమన్నానుగా."

ఆమెకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. లేచి గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలు మళ్ళీ తోమింది. దేవుడి పటం ముందు కాసేపు నిలబడింది. ఆమె పెద్దగా ప్రార్థనలు తెలిసిన మనిషి కాదు, నోటికొచ్చిందే దేవుడితో అనేది. "గెలిచి చంపమంటావా, ఓడి బతికించమంటావా?" అని అడిగింది. ఆ ప్రశ్న బయటికి అన్నాక, జవాబు అందులోనే ఉన్నట్టు ఆమెకు తోచింది.

తెల్లారాక నారు ట్రేలన్నీ గేటు దగ్గర పెట్టి, కావలసినవాళ్ళని తీసుకుపొమ్మంది. తర్వాత మరిది పనిచేసే చోటికి నడిచింది.

లారీ కింద నుంచి రెండు కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. "బాబూ" అంది ఆ కాళ్ళతో.

"ఎవరు, వదినా? చెప్పు, వింటున్నా. చేతిలో బోల్టుంది, వదిలితే ముఖం మీద పడుతుంది."

"అయితే వదలకు. నేనీ ఏడు టమాటా వెయ్యట్లేదు."

బోల్టు పడనే పడింది. "అమ్మో!" అని మరిది ముక్కు పట్టుకుని బయటికి జరిగాడు. "ఏంటి? వెయ్యకపోతే ఓడినట్టేగా!"

"ఆ. ఓడినట్టే. మాట మాటే, చేను నీదే." ఆమె పక్కనున్న నీళ్ళ సీసా అతనికి అందించింది. "ఒక్కటే అడుగుతున్నా. నువ్వు షెడ్డు మొదలుపెట్టేదాకా జనుము చల్లుకుంటాను."

మరిది సీసా పట్టుకుని తాగడం మర్చిపోయాడు. "ఎందుకు? ఎలాగూ కంకర పోసి తొక్కించే నేలకి బలం ఎందుకు వదినా?"

"నీకెందుకులే. దానికి కావాలి."

అంతే అంది. ఆ తర్వాత మట్టి పరీక్ష, పల్లం, పొటాష్ అన్నీ చెప్పింది గానీ బతిమాలలేదు. మరిది విని విని, "అంటే ఇన్నేళ్ళూ ఇంజన్ ఆయిలు తీసి పారబోస్తూ, బండి లాగట్లేదని డీజిలు పోస్తూ పోయావన్నమాట" అన్నాడు.

"అంతేనేమో. నాకు నీ భాష రాదు."

"నాకు రాలేదా మరి నీ భాష? వచ్చింది." ముక్కు తడుముకుంటూ మళ్ళీ లారీ కిందికి దూరాడు.

జనుము చల్లిన రెండో పూట మరిది చేనికి వచ్చాడు. గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడు. రోడ్డు వైపు కొస నుంచి అడుగులు కొలుచుకుంటూ లోపలికి నడిచి, ఒకచోట మడమతో నేల మీద గీత గీశాడు.

"వదినా, నాకు ఈ గీత దాకా చాలు. లారీలు రెండు పట్టి, తిరగడానికి చోటుంటుంది. మిగతాది నువ్వే చూసుకో."

ఆమె గుండె ఒక్కసారి తేలికై, మరుక్షణం బరువెక్కింది. ఆ రోడ్డు వైపు ముక్కే చేను మొత్తానికి మంచిది. ఎండ బాగా పడేది అక్కడే. తొలికాయ ఎప్పుడూ అక్కడే ఎర్రబడేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"సరే బాబూ" అంది. "నీ పెళ్ళాం ఏమంటుంది?"

"మొత్తం వస్తుంటే ముక్క అడిగేవాడు ఎవడైనా ఉంటాడా అంది. మొత్తం తీసుకుంటే వదిన వచ్చి రోజూ నా షెడ్డు ఊడుస్తుంది, నా పానాలూ బోల్టులూ కంచె అవతల ఉంటాయి అన్నాను. నోరు మూసుకుంది."

కంకర పోసేముందు అతను ఒక మిషన్ తెప్పించాడు. గీత ఇవతలి పై మట్టిని జాగ్రత్తగా గీకించి, గీత అవతల ఆమె వైపు కుప్ప పోయించాడు. ఆమె అడగలేదు. అడగని పని చేసినందుకు ఏమనాలో తెలియక, మిషన్ నడిపే అతనికీ మరిదికీ కూడా టీ తెచ్చి ఇచ్చింది. ఈసారి మరిది కాదనలేదు. అయితే చేలో నిలబడే తాగాడు.

జనుము నిలువెత్తు పెరిగి పసుపుపచ్చగా పూసింది. నాగలి కింద అది వాలిపోతుంటే చూడలేక ఆమె రోడ్డు వైపు తిరిగి నిలబడింది. దున్నాక చేను చింపిరి తలలా తయారైంది. కాడలు బయటికి పొడుచుకొచ్చాయి. దారినపోయేవాళ్ళు ఆగి, "చీపురక్కా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవారు. నిజంగానే అడిగేవారు. ఒకావిడ ఇంటి నుంచి కషాయం కూడా కాచి తెచ్చింది. చేతులు ఊరికే ఉండక ఆమె చీపురు పట్టుకుని గట్టు దాకా వచ్చేది. పొట్టి పిన్ని ముందే అక్కడ కాపలా ఉండి, చీపురు లాక్కుని, "పద పద, పల్లంలో పనుంది" అని తీసుకుపోయేది. ఇద్దరూ పల్లంలోని నల్లమట్టిని గంపలకెత్తి, ఏళ్ళుగా కంచె దాటించినదాన్ని మళ్ళీ కంచె దాటించారు. ఎంత తెచ్చినా తరగలేదు. అంత పారేసిందన్నమాట.

తర్వాత అలసంద వేసింది. ఒక మోస్తరుగా వచ్చింది. మొక్కజొన్న వేసింది. అది కాస్త బాగానే వచ్చింది. మార్కెట్లో మొక్కజొన్న పెట్టె పెడితే కాటా బావ, "ఇది నీ సరుకేనా?" అని వేళాకోళం చేశాడు. మట్టి అమ్మాయి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. పొటాష్ మెల్లగా లేస్తోందనీ, భాస్వరం ఇంకా కొన్నాళ్ళు అలాగే ఉంటుందనీ, ఆ గుళికల జోలికి పోవద్దనీ చెప్పింది. ఎరువుల కొట్టాయనకి ఆ సంగతి ఈమే వెళ్ళి చెప్పింది, ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని. ఆయన విని, కాసేపు బస్తాల వైపు చూసి, "నాకు తెలియదమ్మా" అన్నాడు. "నాకు మాత్రం తెలుసా" అంది ఆమె.

టమాటా మళ్ళీ వేసింది గానీ చేనంతా వెయ్యలేదు. మూడు ముక్కలు చేసుకుని, ఒక ముక్కలోనే వేసింది. కాయ తొడిమ దాకా ఎర్రబడింది. వెనకటి రోజుల పంట మాత్రం కాదు. వెనకటి రోజుల చేనూ కాదు. రోడ్డు వైపు ముక్కలో లారీలు నిలబడి ఉన్నాయి, ఎండ వాటి రేకుల మీద పడి మెరుస్తోంది. ఆ విషయం తలుచుకుని ఆమె బాధపడలేదని చెప్పలేము. మాట తప్పకుండా చేను దక్కింది కదా, దక్కిందే చాలు అనుకుని పనిలో పడేది.

ఇప్పుడు వదినామరుదుల మధ్య తగాదా వేరే. షెడ్డులో కారిన నూనె వానకి ఆమె వైపు వస్తుందేమోనని ఆమె భయం. వారానికోసారైనా గీత దగ్గరికి వచ్చి, వంగి, వేలితో నేల తడిమి, వాసన చూస్తుంది.

"వదినా, రాలేదు. సిమెంటు గట్టు కట్టించానుగా!"

"గట్టుకి ఇక్కడ బీట పడింది చూడు."

"అది బీట కాదు, గీత."

"గీతే రేపు బీటవుతుంది. ఇవాళే పూయించు."

మరిది ఆకాశం వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి, తాపీ వెతుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.